బెజవాడ–గుంటూరుల్లో రెండో ప్రపంచ యుద్ధం: ఎవరి గొంతు వినబడింది, ఎవరి కంచంలో కోత పడింది?

#1 పాతకాగితం (గుంటూరు)

1939–45 నాటి యుద్ధ ప్రచారం మీద మన రెండు జిల్లాల మేరకు ఒక గోడ ప్రదర్శన తయారవుతోంది. మొత్తం 12 చార్టులు. చూసేది కాలేజీ పిల్లలు. ఇంతవరకు పోగైన బొమ్మల్లో సగానికి పైగా లండన్ పోస్టర్లే. సైన్యంలో చేరమని వేలు చూపించి పిలిచే బ్రిటిష్ యుద్ధమంత్రి కిచెనర్ బొమ్మ మొదటి యుద్ధం నాటిది, 1914 సెప్టెంబరులో ఒక లండన్ వారపత్రిక అట్ట మీద వచ్చింది. గోడకు పెడితే బాగానే ఉంటుంది గానీ, బెజవాడలో బియ్యం కొట్టు ముందు నిలబడ్డ కూలీ సంగతి అందులో ఏమీ లేదు.

కావలసినవి మూడు. యుద్ధం కబురు ఊళ్లోకి ఏ దారిన వచ్చింది? చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఖర్చు ఎవరి నెత్తిన పడింది? పేరు, తేదీ, చూపించడానికి వస్తువు ఉన్న సమాచారం చెప్పండి. "తెల్లవాళ్లు దోచుకుపోయారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే చార్టు నిండదు.

#2 లెక్కలమాస్టారు (విజయవాడ)

మూడో ప్రశ్నతో మొదలుపెట్టండి. డబ్బు నడిచిన దారి తెలిస్తే మిగతా రెండూ సులువు.

బియ్యం, గుడ్డ, తోలు, సిపాయి జీతం, అన్నిటికీ బ్రిటన్ ఇక్కడ రూపాయల్లోనే చెల్లించాలి. ఆ రూపాయలు రిజర్వు బ్యాంకు ఇచ్చింది. బదులుగా లండన్‌లో మన పేరున పౌండ్లు జమ రాశారు. యుద్ధం నడిచినన్నాళ్లూ ఆ జమను మనం ఇష్టం వచ్చినట్టు వాడుకోవడానికి లేదు. కానీ ఆ పౌండు పత్రాలనే పూచీగా చూపి ఇక్కడ నోట్లు అచ్చేశారు. 1939లో చలామణిలో ఉన్న నోట్లు దాదాపు 180 కోట్ల రూపాయలవి. 1945కి అది 1,100 కోట్లు దాటింది. సరుకు ఆ లెక్కన పెరగలేదు, ఉన్నదాంట్లోనూ సైన్యం వాటా ముందు పోయింది. యుద్ధం ముగిసేసరికి లండన్ మనకు పడిన బాకీ 130 కోట్ల పౌండ్ల పైచిలుకు.

నా దృష్టిలో ఇది పన్నే. రసీదు లేదు, కలెక్టరు నోటీసు లేదు, అందుకే దీని మీద ఎవరూ పన్నుల నిరాకరణ చేయలేకపోయారు. 1922లో పెదనందిపాడులో శిస్తు కట్టం అని రైతులు మొండికేశారంటే, అక్కడ వసూలుకు వచ్చే మనిషి కళ్లెదురుగా ఉన్నాడు. నోటు విలువ తరిగిపోతుంటే ఎవర్ని నిలదీస్తారు?

చార్టుకు వస్తువులు చెబుతాను. 1940లో రూపాయి నాణెంలో వెండి పాలు 12కి 11 వంతుల నుంచి సగానికి దించారు. బరువు మాత్రం అంతే ఉంచారు, అందువల్ల చేతిలో పట్టుకుంటే తేడా తెలియదు. రెండూ పక్కపక్కన పెట్టండి. అదే ఏడు ఒక రూపాయి నోటు మళ్లీ వచ్చింది. ఆ నోటు మొదటిసారి పుట్టింది 1917 నవంబరు 30న, అప్పుడూ యుద్ధంలో వెండికి కరువొచ్చే. ఇక 1943 నుంచి లోహం పొదుపు కోసం మధ్యలో పెద్ద చిల్లున్న కాణీ వచ్చింది. కొనేటప్పుడు దాని మీద 1943కీ 1947కీ మధ్య సంవత్సరం ఉందో లేదో చూసుకోండి.

#3 కాలువగట్టు (తెనాలి)

మాస్టారూ, లెక్క సరే. కానీ "ధరలు పెరిగాయి, అందరూ నష్టపోయారు" అన్న అర్థం వచ్చేలా చార్టు రాస్తే మాత్రం ఒప్పుకోలేను. కృష్ణా డెల్టాలో అందరూ నష్టపోలేదు. యుద్ధపు వర్గ చరిత్ర అంతా ఆ తేడాలోనే ఉంది.

1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోయింది. అంతకుముందు బర్మా నుంచి ఏటా 10 లక్షల టన్నులకు పైగా బియ్యం వచ్చేది. మలబారు లాంటి ప్రాంతాలు దాని మీదే బతికాయి. అది ఆగేసరికి మద్రాసు ప్రెసిడెన్సీ చూపంతా గోదావరి, కృష్ణా డెల్టాల మీద పడింది. ఇప్పుడు ఊళ్లో మనుషుల్ని వరసగా చూడండి.

మిగులు వడ్లున్న సొంత భూమి రైతు: 1930ల మాంద్యంలో ధర పడిపోయి అప్పులపాలైన మనిషే, అదే పాత అప్పును యుద్ధకాలపు చవక రూపాయలతో తీర్చేశాడు. ప్రభుత్వం సేకరణ ధర కట్టినా, చాటుగా అమ్ముకునే బజారు ఉండనే ఉంది.

కౌలుదారు: కౌలు వడ్ల రూపంలో కొలిచేశాక అమ్ముకోవడానికి మిగిలేది కొద్ది. ధర పెరిగిన లాభం చాలావరకు భూమిగల ఆసామికే.

ఏడాది పాలేరు: జీతం వడ్లలో గనక కడుపుకు కొంత కాపు ఉంది. గుడ్డకీ కిరసనాయిలుకీ ఆ కాపు లేదు.

రోజుకూలీ, నేతపనివాడు, బడిపంతులు, చిన్న గుమాస్తా: చేతికొచ్చేది నగదు, కొనాల్సింది బియ్యం. అసలు దెబ్బ వీళ్ల మీద.

కాబట్టి చార్టులో ధరల గీత ఒక్కటే గీయకండి. జీతం ఏ రూపంలో వచ్చేదో ఆ వరుసలో మనుషుల్ని నిలబెట్టండి.

#4 లెక్కలమాస్టారు (విజయవాడ)

ఒప్పుకుంటున్నాను. నేత కులాల విషయంలో ఇంకోటి చేర్చండి. వాళ్లకు బియ్యం ధరతో పాటు నూలు ధర కూడా పెరిగింది. 1943లో గుడ్డ, నూలు మీద నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. మిల్లు గుడ్డ ధరకు ముద్ర పడింది గానీ, మగ్గానికి కావలసిన నూలు అనుకున్న ధరకు దొరకడం వేరే సమస్య. మంగళగిరి, చీరాల వైపు చార్టు ఇక్కడే రావాలి.

#5 తంతివార్త (విజయవాడ)

మొదటి ప్రశ్నకు నా వంతు. ప్రచారం అనగానే అబద్ధం అనుకుంటాం. అంతకంటే ముందు చూడాల్సింది తీగ ఎవరిది, కాగితం ఎవరిది అన్నది.

1914 ఆగస్టు 5న, యుద్ధం ప్రకటించిన కొద్ది గంటల్లోనే, బ్రిటిష్ ఓడ ఒకటి జర్మనీ సముద్రగర్భ తంతి తీగల్ని కోసేసింది. ఆ రోజు నుంచి దూరదేశాలకు పోయే కబురు చాలావరకు లండన్ మీదుగానే. ఆంధ్రపత్రిక దినపత్రికగా మద్రాసులో మొదలైంది 1914 ఏప్రిల్ 1న, అంటే నాలుగు నెలలకే యుద్ధం వచ్చింది. తెలుగు చదివేవాళ్లకు దినపత్రిక అలవాటైంది యుద్ధ వార్తలతోనే. ఆ వార్తలు వచ్చేది లండన్ వార్తా సంస్థ రాయిటర్ నుంచి. 1918లో ఆ సంస్థ అధిపతి రోడరిక్ జోన్స్ బ్రిటిష్ సమాచార శాఖలో ప్రచార విభాగం కూడా చూశాడు. ఒకే మనిషి, రెండు కుర్చీలు.

రెండో యుద్ధానికి వస్తే రెండు పగ్గాలు. ఒకటి కాగితం. మనకు పత్రికల కాగితం తయారుచేసే మిల్లు 1955లో నేపానగర్ మొదలయ్యేదాకా లేదు, అంతా దిగుమతే. 1940 ఏప్రిల్‌లో నార్వే జర్మనీ చేతిలోకి పోవడంతో ఆ వైపు సరఫరా తెగింది, తర్వాత ఓడల్లో చోటు కరువైంది. ప్రభుత్వం కోటా పెట్టింది, పేజీలు తగ్గాయి. కోటా ఇచ్చేవాడి చేతిలో పత్రిక ఊపిరి ఉంటుంది. రెండోది భారత రక్షణ నిబంధనలు. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా వార్తల మీద ఆంక్ష పెట్టారు. ప్రభుత్వ ప్రకటనల నుంచో, గుర్తింపు ఉన్న ఏజెన్సీల నుంచో, నమోదైన విలేకరుల నుంచో వచ్చినవే వేయాలి.

రేడియో మాట చాలామంది ఎక్కువ చేసి చెబుతారు. 1939లో దేశం మొత్తం మీద రేడియో లైసెన్సులు లక్షకు లోపే. మద్రాసు కేంద్రం 1938లో వచ్చింది, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న. యుద్ధకాలంలో మన గడ్డ మీద స్టేషనే లేదు. ఉన్న సెట్లు వకీళ్లవి, వ్యాపారులవి, జమీందార్లవి. పల్లెకు ఆ కబురు రచ్చబండ మీద రెండో నోటి మాటగా చేరేది.

పాత పత్రిక చదివేటప్పుడు ఒక క్రమం పాటిస్తే మోసపోరు. ముందు వార్త పైన ఊరు, తేదీ చూడండి. జరిగిన రోజుకీ అచ్చయిన రోజుకీ ఎంత ఎడం ఉందో రాసుకోండి. ఏజెన్సీ పేరు ఉందా, ప్రభుత్వ ప్రకటనా, సొంత విలేకరా అన్నది విడిగా రాయండి. తర్వాత అదే వారం ప్రకటనలు చదవండి. యుద్ధ రుణ పత్రాలు, సైన్యంలో చేరమనే పిలుపు ఏ పేజీలో ఎంత చోటు తిన్నాయో కొలవండి. ప్రకటన ఆదాయం ఎక్కడిదో తెలిస్తే సంపాదకీయం మెత్తదనం ఒక్కోసారి అర్థమవుతుంది.

#6 డక్కీమోత (పొన్నెకల్లు దారి)

కాగితం దొరకనప్పుడు, రేడియో లేనప్పుడు పల్లెలో పనిచేసింది బుర్రకథ. దీనికి రెండు చార్టులైనా ఇవ్వాలి.

దళం ముగ్గురే. నడుమ కథకుడు. భుజాన తంబుర, రెండో చేతి వేళ్లకు అందెలు అనే లోహపు ఉంగరాలు, కాళ్లకు గజ్జెలు. రెండు పక్కలా డక్కీలు అనే చిన్న వాద్యాలతో ఇద్దరు వంతలు. కుడివైపు మనిషి రాజకీయం చెబుతాడు, ఎడమవైపు మనిషి హాస్యం. కథకుడు చరణం పాడితే వంతలు "తందాన తాన" అందుకుంటారు. ఆ అందుకునే వ్యవధిలో కథకుడికి ఊపిరి దొరుకుతుంది, జనానికి మాట తలకెక్కుతుంది. మైకు అక్కర్లేదు, పెట్రోమాక్సు లైటు చాలు. వేదిక లేకపోతే అరుగు. ఎడ్లబండి మీద రాత్రికో ఊరు మార్చవచ్చు.

ప్రచారానికి ఇది ఇంతగా ఎందుకు ఒదిగిందంటే రాజకీయం చెప్పే వంత వల్ల. కథ పల్నాటి యుద్ధమైనా సరే, అతను మధ్యలో ఆగి ఆ ఊరి బియ్యం ధర, ఆ తాలూకా దళారీ సంగతి ఎత్తుకోగలడు. కథ పాతది, వ్యాఖ్యానం ఆ రోజుది. కథ ప్రతిని పోలీసులు ముందుగా తెప్పించుకుని చదివినా ఆ మాట అందులో ఉండదు. అందుకే ప్రభుత్వాలు తర్వాత పాఠాన్ని దిద్దడం మానేసి ప్రదర్శననే నిషేధించాయి.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ఈ రూపానికి కొత్త ఊపిరి పోశాడు. ఆయన చెప్పిన బెంగాల్ కరువు కథ ఇక్కడ కీలకం. 1943లో బెంగాల్‌లో దాదాపు 30 లక్షల మంది పోయారు. కలకత్తాలో స్టేట్స్‌మన్ పత్రిక ఆగస్టు 22న ఫోటోలు వేసేదాకా అధికార వర్గం దాన్ని చిన్న ఇబ్బందిగానే చూపించింది. చదువురాని కృష్ణా, గుంటూరు జనానికి ఆ ఫోటోలు చేరవు. తంబుర చేర్చింది. ఆడవాళ్ల దళాలు కూడా లేచాయి, మోటూరి ఉదయం పేరు తప్పక రాయండి.

#7 రణరంగచౌక్ (తెనాలి)

డక్కీమోత గారూ, ఒక మాట దాటేశారు. నాజర్ గారి కళ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ దళాల వెనక ఉన్న కమ్యూనిస్టు పార్టీ ఆనాడు ఏ పక్షాన నిలబడిందో చార్టులో ఉండాలి.

1939 సెప్టెంబరు 3న వైస్రాయి మనల్ని అడక్కుండా యుద్ధంలోకి దించాడు. అప్పుడు కమ్యూనిస్టులు ఇది సామ్రాజ్యవాద యుద్ధం, ఒక్క పైసా ఇవ్వం, ఒక్క మనిషినీ పంపం అన్నారు. 1941 జూన్ 22న హిట్లర్ సోవియట్ మీద పడ్డాక, ఆ ఏడాది చివరికి వాళ్లకు అది బలపరచాల్సిన ప్రజాయుద్ధం అయింది. 1942 జూలైలో పార్టీ మీద నిషేధం ఎత్తేశారు. తర్వాత మూడు వారాలకు, ఆగస్టు 12న, క్విట్ ఇండియా ఉద్యమంలో తెనాలి రైల్వే స్టేషన్ తగలబడింది, కాల్పుల్లో ఏడుగురు చచ్చిపోయారు. ఆ ఏడుగురి స్తూపాలు ఇప్పటికీ రణరంగ చౌక్‌లో ఉన్నాయి. ఆ పార్టీ వారపత్రిక ప్రజాశక్తి బెజవాడ నుంచి మొదలైందీ ఆ 1942లోనే. జైల్లో ఉన్న కాంగ్రెస్ వాళ్ల పత్రికలు మూతపడ్డాయి, వీళ్లకు బహిరంగంగా పనిచేసే వీలు దొరికింది. ప్రచారం ఎవరి గొంతు అని అడిగినప్పుడు ఈ జవాబు కూడా చెప్పాలి కదా.

#8 ఉండవల్లికొండ (తాడేపల్లి)

చెప్పాలి, తప్పకుండా. ఆగస్టు ఉద్యమానికి ఎదురు నిలబడటం ఆ పార్టీ మీద పడిన మచ్చ. దాన్ని చెరపాలని ఎవరూ ప్రయత్నించకూడదు.

కానీ అనుమతి ఉంది గనక జనం వచ్చారు అనుకుంటే లెక్క కుదరదు. ప్రభుత్వం కూడా యుద్ధానికి జనం మద్దతు కూడగట్టడానికి 1942లోనే నేషనల్ వార్ ఫ్రంట్ అని పెట్టింది. జిల్లా నాయకులు, కరపత్రాలు, సభలు, అన్నీ ఇచ్చింది. రాయ్‌బహదూర్లు దానికి పెద్దలు. దాని పేరు ఇవాళ ఊళ్లలో ఎవరికీ గుర్తులేదు. 1944 మార్చిలో బెజవాడలో కమ్యూనిస్టులు నడిపిన అఖిల భారత కిసాన్ సభ (రైతు సంఘం) మహాసభకు మాత్రం లక్ష మంది దాకా వచ్చారని చెబుతారు. తేడా ఎక్కడంటే, రెండోవాళ్లు దొంగనిల్వలు, కిరసనాయిలు, రేషను కార్డు మాట్లాడారు. జపాన్ బూచి ఒక్కటే చూపిస్తే పల్లె కదలదు.

దీంట్లోనూ వర్గం ఉంది, కాలువగట్టు గారు చెప్పిన వరసలో చూడండి. ఆంధ్ర కమ్యూనిస్టు నాయకుల్లో చాలామంది భూమిగల రైతు కుటుంబాల నుంచి వచ్చారు. "పంట పెంచండి" అన్న నినాదం మిగులు రైతుకు నొప్పి కలిగించేది కాదు. దొంగనిల్వలు బయటికి తియ్యండి అన్నది మాత్రం సొంత ఇంటి గాదె దాకా వచ్చే నినాదం. ఏ ఊళ్లో ఏ నినాదం గట్టిగా వినబడిందో విడదీసి చూపగలిగితే ఈ ప్రదర్శనకు అంతకంటే విలువైన చార్టు ఉండదు.

#9 రణరంగచౌక్ (తెనాలి)

అలా విడదీసి చూపిస్తానంటే నాకు అభ్యంతరం లేదు. తెనాలి కాల్పులు, ప్రజాయుద్ధం నినాదం ఒకే చార్టులో ఎదురెదురుగా పెట్టండి. వేర్వేరు గోడల మీద పెడితే చూసేవాడికి ముడి అందదు.

#10 పాతకాగితం (గుంటూరు)

పెడతాం. సైన్యంలో చేరినవాళ్ల సంగతి ఇంకా రాలేదు. మన వైపు నుంచి ఎవరు వెళ్లారు, ఎందుకు?

#11 సిపాయిపేట (గుంటూరు)

1857 తర్వాత తెల్ల జనరళ్లు యుద్ధజాతులు అని ఒక సిద్ధాంతం అల్లారు. పంజాబీ, గూర్ఖా, పఠాన్ యోధులు, దక్షిణాదివాళ్లు పనికిరారు అన్నారు. మద్రాసు పదాతి దళాలను ఒక్కొక్కటే రద్దు చేస్తూ 1920ల చివరికి పూర్తిగా ఎత్తేశారు. ఇంజనీరు పని చేసే సాపర్లు మాత్రం మిగిలారు. 1941లో మనుషులు చాలక మద్రాస్ రెజిమెంటును మళ్లీ లేపారు. అప్పుడు ఆ జాతి సిద్ధాంతం ఎటు పోయిందో ఎవరూ సంజాయిషీ ఇవ్వలేదు. దేశం మొత్తం మీద 25 లక్షల మంది చేరారు, నిర్బంధ సైనిక సేవ లేకుండానే. #3లో చెప్పిన నగదు కూలీ వరస మళ్లీ చదవండి: కూడు, గుడ్డ, నెల జీతం, ఇంటికి మనియార్డరు. వెళ్లడానికి అది చాలు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో అది తరతరాల ఉపాధి అయింది.

కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం వెబ్‌సైటులో పేర్లు వెతకవచ్చు. భారత సైన్యం, రెండో యుద్ధం ఎంచుకుని, అదనపు సమాచారం అన్న గడిలో ఊరి పేరు కొట్టండి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. విజయవాడ అంటే ఏమీ రాదు, బెజవాడ అని ఇంగ్లిషులో కొట్టాలి. కృష్ణా జిల్లాకు పాత స్పెల్లింగు కిస్ట్నా. గుంటూరుకు చివర రెండు ఓ అక్షరాలతో ఒకసారి, యు తో ఒకసారి వెతకండి. తండ్రి పేరు, భార్య పేరు ఉంటే అక్కడే కనబడతాయి.

మొదటి యుద్ధానికి ఈ పద్ధతి అంతగా పనిచేయదు, దానికి కారణం కూడా వర్గమే, జాతే. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద అధికారుల పేర్లు చెక్కారు, మామూలు భారత సిపాయిలను దళాల వారీగా సంఖ్యల్లో వదిలేశారు. ఆసియా, ఆఫ్రికా సైనికుల విషయంలో ఇలాంటి వివక్ష జరిగిందని ఆ సంఘమే 2021లో ఒప్పుకుంది.

#12 సుజాత_అమరావతి

పాతకాగితం గారూ, లండన్ చార్టులు అన్నీ తీసేయకండి, ఒకటి ఉంచండి. 1917 ఏప్రిల్‌లో లండన్ పత్రికలు జర్మన్లు తమ సైనికుల శవాలను ఉడికించి కొవ్వు తీస్తున్నారని రాశాయి. పచ్చి అబద్ధం. 1925లో బ్రిటిష్ విదేశాంగ మంత్రి ఆస్టెన్ ఛాంబర్లేన్ పార్లమెంటులో అది నిరాధారమని అంగీకరించాడు. ఫలితం ఏమిటంటే, 1942లో యూదుల సామూహిక హత్యల గురించి నిజమైన కబుర్లు వచ్చినప్పుడు చాలామంది అదీ పాత కథ లాంటిదే అనుకున్నారు. పిల్లలకు ఇది అర్థమైతే ఫోనులో వచ్చే యుద్ధం వీడియోలను చూసే తీరు మారుతుంది.

ఆ చార్టు కిందే ఇప్పటి పద్ధతి పెట్టండి. వీడియోను మూడు నాలుగు చోట్ల ఆపి స్క్రీన్‌షాట్లు తీసి బొమ్మతో వెతకాలి. మొదటి ఫ్రేమే వెతికితే తరచూ దొరకదు, ఎందుకంటే పైన రాతలు అతికిస్తారు. అంచులు కత్తిరించి మళ్లీ వెతకాలి. ఆర్మా 3 అనే వీడియో గేమ్ దృశ్యాలు ఎన్నో నిజం యుద్ధాల పేరుతో తిరిగాయి. తయారీదారు బొహీమియా ఇంటరాక్టివ్ 2022 నవంబరులో గుర్తులు చెబుతూ ప్రకటన కూడా ఇచ్చింది: రిజల్యూషన్ మరీ తక్కువ, కెమెరా వణుకు, చీకటి, మనుషుల కదలిక దాదాపు లేకపోవడం.

#13 తంతివార్త (విజయవాడ)

వెతికే చోట్లు రాసిపెడతాను, ఎవరికైనా పనికొస్తాయి.

వేటపాలెం సారస్వత నికేతనం, 1918లో మొదలైన గ్రంథాలయం, పాత పత్రికల బైండ్లకు పెట్టింది పేరు. ఫలానా పత్రిక, ఫలానా నెల అని కాగితం మీద రాసుకుని వెళ్లండి. "యుద్ధకాలం పత్రికలు చూపించండి" అంటే ఎవరూ ఏమీ తీయలేరు. పెళుసు కాగితం మీద ఫ్లాష్ వద్దు, పేజీని పైఅంచు పట్టి తిప్పండి, మడత దగ్గర నొక్కితే విరుగుతుంది. విజయవాడలో రామమోహన గ్రంథాలయం (1911) కూడా అడగండి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేసిన పత్రికలు ఇంట్లో కూర్చుని చూడవచ్చు, కాకపోతే అక్షరాలు వెతికితే దొరకవు, తేదీతోనే పోవాలి.

ప్రభుత్వ వైపు కాగితాల్లో పక్షానికొకసారి మద్రాసు నుంచి ఢిల్లీకి వెళ్లే నివేదికలు ముఖ్యం. జాతీయ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో హోం రాజకీయ శాఖ ఫైళ్లు. వాటి నంబరు 18, తర్వాత నెల, తర్వాత సంవత్సరం. అంటే తెనాలి కాల్పుల నెలకు 18/8/42. మద్రాసు భాగం ఫైలు మధ్యలో ఎక్కడో ఉంటుంది, ప్రావిన్సుల వారీగా తిరగేయాలి. ఆ ఫైల్లో చదివినదాన్ని అదే పక్షపు తెలుగు పత్రికతో కలిపి చూడండి. రెంటిలోనూ ఉన్న ఘటన, ఒకదాంట్లోనే ఉన్న ఘటన విడివిడిగా రాసుకోండి. నివేదికలో ఉండి పత్రికలో లేనిది సెన్సారు పని కావచ్చు. పత్రికలో ఉండి నివేదికలో లేనిది చాలాసార్లు కూలి, బియ్యం గొడవ. జిల్లా అధికారి దాన్ని రాజకీయం కింద లెక్కేయడు.

#14 పాతకాగితం (గుంటూరు)

12 చార్టులూ నిండాయి. మొదటిది నాణేలు, రెండోది #3లోని మనుషుల వరస, తెనాలి–ప్రజాయుద్ధం చార్టు నడిమి గోడకు. కిచెనర్ బొమ్మ తీసేస్తున్నాం, ఆ స్థలం బుర్రకథకు. నూలు ధర గురించి చీరాల వైపు నుంచి తేదీతో ఉన్న పత్రిక ముక్క ఎవరికైనా దొరికితే ఇక్కడే పెట్టండి.